గోతాంలో పిల్లి

మార్చి నెలలో మా బడికి గంట అక్కర్లేదు.
మిర్చి యార్డులో మొదటి లారీ పట్టా విప్పగానే
ఎనిమిదో తరగతి మొత్తం ఒక్కసారి తుమ్ముతుంది.
కిటికీ తీస్తే ఘాటు, మూస్తే ఉక్క.
ఉక్కే నయమని మూసేసి
బోర్డు మీద ఆ రోజు జాతీయం రాశాను:
లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్.

పిల్లులు మనకీ కరువు కాదర్రా, అన్నాను.
గోడ మీద ఒకటి కూచునే ఉంటుంది,
కళ్ళు మూసుకుని పాలు తాగేది ఇంకొకటి,
గంట కట్టాల్సిన మెడ మాత్రం ఎప్పటికీ దొరకదు.
ఇది ఇంగ్లీషు పిల్లి. సంచిలో ఉంటుంది.
అర్థం: గుట్టు బయటపెట్టడం.
రాసుకున్నారు.
అక్కడితో ఆపితే పోయేది.

"దాన్ని సంచిలో ఎవరు పెట్టారు సార్?"
మూడో బెంచీ, నాగుల్‌బీ.

చెప్పాను.
వెనకటికి వాళ్ళ సంతల్లో
పందిపిల్లని కొన్నవాడి చేతిలో
మూతి బిగించిన గోతాం పెట్టేవారట.
ఇంటికెళ్ళి ముడి విప్పితే, మ్యావ్.
గడుసువాడు సంతలోనే విప్పమనేవాడట.
కాదు, ఓడల మీద తొమ్మిది తోకల కొరడా ఉండేది,
దాని పేరే పిల్లి,
అది సంచిలోంచి బయటికొస్తే
ఎవడి వీపో చిట్లేదని ఇంకొందరు.
ఏది నిజమో పుస్తకాలు రాసినవాళ్ళకే తెలీదు.
రెండు కథలూ 'అట' మీదే నిలబడ్డాయి.

"మా యార్డులో పిల్లి ఉండదు సార్,
పైన తేజ కాయ, కింద తాలు."
క్లాసంతా నవ్వింది.
సగం మంది యార్డు పిల్లలే కదా.
ఆ నవ్వు చూసి ఇంకాస్త ముందుకొచ్చింది పిల్ల:
"మా నాయన కాటా కాడ పనిచేసేటప్పుడు
టిక్కీ కింద మోకాలు ఆనించి
ఇసుమంత లేపేవాడు సార్.
ముల్లు కిలోన్నర దిగేది.
రైతుకి కనపడదు. షావుకారు సాయంత్రం విడిగా..."

ఆగిపోయింది.
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది,
ఆదివారమంతా ముచ్చికలు తీసిన చెయ్యి.
పెదాలు మండే ఉంటాయి. తియ్యలేదు.

చివరి వరసలో యలమంద లేచాడు.
హాస్టల్ పిల్లాడు. ప్రత్తిపాడు దగ్గర
రెండెకరాల కౌలు వాళ్ళ నాన్నది.
ఏడాదంతా పెదవి విప్పనివాడు
ఒక్కటే అడిగాడు:
"ఏ సంవత్సరం?"

ఫ్యాను తిరుగుతోంది.
ఎవరూ తుమ్మలేదు.
నేను చాక్‌పీసు పట్టుకుని
స్పెల్లింగేదో సరిచేస్తున్నట్టు
బోర్డు వైపు తిరిగాను.
పదహారేళ్ళ సర్వీసులో
నేను చేసిన పిరికిపని అదొక్కటే కాదు గాని
గుర్తున్నది అది.

మర్నాడు గేటు దగ్గర ఒక మనిషి.
ఎడమ మోకాలికి చుట్టిన కండువా,
ఆ కాలు నేలకి పూర్తిగా ఆనడం లేదు.
"నాగుల్‌బీ నాయన్ని సార్. మస్తాన్.
పిల్ల రాత్రంతా అన్నం ముట్టలేదు.
కొట్టానేమో అనుకునేరు, కొట్టలేదు.
ఏం పాఠం చెప్పారు?"

పుస్తకం తెరిచి చూపించాను.
అక్షరాలు రానివాడు
ఆ లైను మీద వేలు పెట్టి,
అక్కడేదో కదిలినట్టు
మెల్లగా తీసుకున్నాడు.

"మా కాటా సంగతి
ఇంగ్లీషోళ్ళ పుస్తకంలోకి ఎట్టా పడింది సార్?"

వాళ్ళకీ సంతలుండేవి మస్తాన్, అన్నాను.

చాలాసేపు ఆలోచించాడు.
యార్డు వైపు నుంచి గాలి మళ్ళింది,
ఇద్దరం దగ్గాం.
"ఆ పిల్లాడిది ఏ ఊరన్నారు?" అని అడిగి,
నేను చెప్పేలోపే
"వద్దులెండి" అని,
నాలుగడుగులు కుంటుకుంటూ వెళ్ళి
మళ్ళీ వెనక్కొచ్చాడు.

"ఏ ఊరు సార్?"